నీళ్ల గడి

ఓనరు లెక్కలు వేరే బుక్కులల్ల ఉండేటియి.
ఇది నా లెక్క.
ఇరవై రెండేండ్లు బోరుబండి ఆఫీసుల గుమాస్తాగ చేసిన.
బండి తిరుచెంగోడుది, డ్రైవర్లు తమిళపోళ్లు,
ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు నావి.
పగలు బిల్లులు రాసి, పొద్దుగూకినంక కంప్యూటర్ల
ఒక్కో బోరుకు ఒక్కో వరుస ఎక్కించేటోణ్ణి:
ఊరు, రైతు, ఎన్ని ఫీట్లు, కేసింగ్ ఎంత,
ఆఖరుకు నీళ్ల గడి.
దాని పక్కన ఇంకోటి, నేను చూసింది రాసుకునేటందుకు.
ఎవ్వలు రాయుమనలే.

ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినాయన హన్మకొండ చౌరస్తల
రెండో అంతస్తుల ఉండె.
ఎనిమిది ఫ్లాపీలు, ఒక లావు పుస్తకం,
ప్రింటర్ తీగ గుచ్చే కాడ పెట్టే తాళపు ముక్క.
అది లేకుంటే తెరుచుకోదు.
ఇప్పుడక్కడ కండ్లద్దాలమ్ముతున్నరు.
కంపెనీ మూతబడ్డది. ముక్క నా కాడ్నే ఉన్నది, పైలంగ.
నా రాత నేను చదువుకునేటందుకు
సచ్చిపోయిన కంపెనీని పర్మిషనడగాలె.

ఆఫీసు ఎత్తేసిననాడు
జీతం బాకీ కింద ఆ డబ్బా నాకిచ్చిండ్రు.
మొన్న వానకాలం మూడుసార్లు లేవలే.
నాలుగోసారి లేచింది,
లోపల బండ తగిలిన బిట్టు లెక్క గరగర.
ఆ చప్పుడు నాకెరుకే.
ఇంక ఎక్కువ దూరం పోదు.

నర్సంపేట మీసేవల ఫిర్దౌస్ అనే పిల్ల ఉంటది.
"అన్నీ తీసి ఉత్త అక్షరాల ఫైల్ల పోద్దాం కాకా,
గడికీ గడికీ నడుమ ఒక కామా.
ఎవ్వని తాళం అక్కర్లేదు" అన్నది.
కామా అంత గట్టు మీద
రెండువేల మూడొందల బోర్లు నిలవడుతయా?

తీసినం.
డాలర్ గుర్తులు, తలకిందుల ప్రశ్నలు,
నెత్తిన చుక్కలు మోసే ఇంగ్లీషు అక్షరాలు.
తెలుగు ఒక్క ముక్క లేదు.
ఆ పాత ఫాంటు తొడిగితేనే అది తెలుగట.
ఫిర్దౌస్ తెల్లకాయితం మీద గీతలు కొట్టింది:
ఈ గుర్తు 'క', ఇది కొమ్ము, ఇది వత్తు.
పదకొండు సాయంత్రాలు
ఆమె అడుగుడు, నేను పలుకుడు.
యాభై తొమ్మిదేండ్లకు మల్ల ఓనమాలు.

పేరు గడి ఇరవై గుర్తులకే సరిపోయేది.
చిన్నబోయిన వెంకటమల్ల.
సంగెం మనిషి. పందొమ్మిదేండ్లు
ఆయన 'య్య' గడి బయటనే నిలవడ్డది.
నా చేత్తోని కొట్టిన.
లోపలికి రాయ్యా అన్న.

ఆఖరి రాత్రి తెర మీద ఊర్లు లేచినయి,
నెక్కొండ, రాయపర్తి, నల్లబెల్లి, గీసుగొండ.
అన్నీ ఉన్నయి. నీళ్లే లేవు.
ఒక గుర్తు పట్టీల ఎక్కియ్యుడు మరిచినం.
ఎక్కడ చూసినా 'నీ',
దాని పక్కన ఖాళీ డబ్బా.
గుగులోతు బీక్యావి నాలుగు బోర్లు.
నాలుగు వరుసల్ల నీ, ఖాళీ. నీ, ఖాళీ.
నీ అప్పు అని చదువుకోవాల్నా,
నీ కర్మ అని చదువుకోవాల్నా?

ఫిర్దౌస్ పట్టీల ఒక్క గీత కలిపి మీట నొక్కింది.
రెప్పపాటుల అన్ని ఊర్లల్ల నీళ్లొచ్చినయి.
పిల్ల చప్పట్లు కొట్టింది.
నేను బీక్యా నాలుగో బోరు కాడికి పోయి
పైకే చదివిన:
"ఆరొందల ముప్పై ఫీట్లు. దుమ్మే. నీళ్లు పడలే.
బండి కదిలినంక సుత ఆయన లేవలే.
కేసింగ్ మీద చెవి ఆనిచ్చి"

"ఆనిచ్చి? తర్వాతేమైంది కాకా?"

గడి నిండింది బిడ్డా. అరువై నాలుగు గుర్తులే పట్టేది.

ఆ పిల్ల జరసేపు ఏమనలే.
"ఇప్పుడు గడికి హద్దు లేదు" అని
కీబోర్డు నా దిక్కు జరిపింది.